చదరంగం గింజల లెక్క 18446744073709551615: ఎక్సెల్ చెప్పింది నిజమా, పద్యం చెప్పింది నిజమా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడుల దాకా రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయని మీ నాన్నగారు తొమ్మిదో తరగతి చదివే మీ పాపను అడిగారు. పాప ఎక్సెల్‌లో వేస్తే 18446744073709600000 వచ్చింది. నాన్నగారేమో చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం ఒకటి చదివి, "కాదు, చివర 615 రావాలి" అన్నారు. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? ఇంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చేత్తో తేల్చగలమా? దీనికి ఇంకేమైనా విశేషాలున్నాయా? ఇవీ మీరు అడిగినవి.

మీ నాన్నగారిదే కరెక్ట్. మొత్తం సరిగ్గా 18446744073709551615. అంటే 2⁶⁴ − 1. ఇది ప్రధాన సంఖ్య కాదు. దీని కారణాంకాలు ఇవి:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండుసార్లు రాలేదు. ఇదంతా కాగితం, పెన్సిలు పెట్టుకుని ఒక పూటలో చేయవచ్చు. జూనియర్ కాలేజీలో 28 ఏళ్లు లెక్కలు చెప్పాను, ఈ సంఖ్యతో కనీసం ఇరవై బ్యాచ్‌లను సతాయించి ఉంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఒక్కటి మాత్రం ముందే చెబుతాను. ఇరవై అంకెల సంఖ్యను చూడగానే అంకెల మీద పడకండి. అది ఎలా పుట్టిందో చూడండి. ఇక్కడ పని జరిగేదంతా 2⁶⁴ − 1 అన్న రూపం వల్లే.

ముందు ఎక్సెల్ సంగతి. పాప తప్పేమీ చేయలేదు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే చూపిస్తుంది, తర్వాతవన్నీ సున్నాలు. మన సంఖ్యలో మొదటి 14 అంకెలు 18446744073709, ఆ తర్వాత 551615. పదిహేనో అంకె దగ్గర సవరించేసరికి 5 కాస్తా 6 అయింది, మిగిలిన అయిదు స్థానాలూ సున్నాలయ్యాయి. చూపించడమే కాదు, లోపల దాచుకోవడంలో కూడా ఇబ్బంది ఉంది. అది సంఖ్యల్ని 53 బిట్లలో, అంటే 0, 1 మాత్రమే ఉండే 53 అంకెల్లో ఇరికిస్తుంది. 2⁶⁴కి కాస్త దిగువన అది నిలబడగలిగే మెట్లు 2048 చొప్పున ఎడంగా ఉంటాయి. ఒకటి తీసేస్తే నిలబడడానికి మెట్టు లేక మళ్లీ 2⁶⁴ మీదే కూర్చుంటుంది. అంటే ఎక్సెల్ లెక్కలో 2⁶⁴, 2⁶⁴ − 1 రెండూ ఒకటే!

ఇది వేడుకగా చెప్పుకునే విషయం కాదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో స్కాలర్‌షిప్‌ల కోసం పిల్లల బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించారు. 16 అంకెలున్న ప్రతి ఖాతాకీ చివరి అంకె సున్నా అయిపోయింది. పదిహేను రోజులు ఎవరూ గమనించలేదు. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకుని టైప్ చేస్తే అంకెలు పోవు, కానీ అప్పుడు దానితో లెక్క చేయలేం. పాపకు కంప్యూటర్‌లోనే చేయాలని ఉంటే పైథాన్‌లో 2**64-1 అని కొట్టమనండి. అది ఎన్ని అంకెలైనా పూర్తిగా ఇస్తుంది.

ఇక పద్యం. మీరు మొదటి మూడు మాటలే రాశారు గానీ గుర్తుపట్టాను. పావులూరి మల్లన పేరున చెప్పుకునే చంపకమాల అది. మల్లన 11వ శతాబ్దం వాడని, రాజరాజ నరేంద్రుని కాలమని సాధారణంగా చెబుతారు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినవాడు. చదరంగపు గడుల్లో రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని ఆ పద్యంలో మాటలుగా దాచాడు. మాటకో అంకె, ఇదిగో ఇలా:

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

ఇవి మొత్తం ఇరవై. కుడి నుంచి ఎడమకు పేర్చండి, మన సంఖ్య వచ్చేస్తుంది. మొదట చెప్పింది ఒకట్ల స్థానం, చివర చెప్పింది అన్నిటికన్నా పెద్ద స్థానం. సంస్కృత గణితంలో అంకెలకు ఇదే ఆనవాయితీ. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి శర, సాయక రెండూ 5. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి, చంద్ర, తుహినాంశు మూడూ 1. సముద్రాలు నాలుగు, వేదాలు నాలుగు, బ్రహ్మ ముఖాలు నాలుగు. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ పేరు ఏది చెప్పినా 7. ఆకాశం శూన్యం. శరీరానికి నవరంధ్రాలు. దిగ్గజాలు ఎనిమిది.

ఒకే అంకెకు ఇన్ని పేర్లు ఎందుకంటే ఛందస్సు కోసం. లఘువు కావలసిన చోట ఒకటి, గురువు కావలసిన చోట మరొకటి వాడుకోవచ్చు. దాంతో ఇంకో లాభం కూడా ఉంది, నేను పిల్లలకు దీన్నే ఎక్కువగా చెప్పేవాణ్ని. తాటాకు మీద అంకెలు రాస్తే నకలు చేసేవాడు 7ని 1గా దిద్దినా ఎవరికీ తెలియదు. పద్యంలో "గిరి" తీసి "చంద్ర" పెడితే గణం చెడిపోతుంది, చదివేవాడి నాలుక ఆగిపోతుంది. ఈ రోజుల్లో ఆధార్ నంబరు చివర సరిచూసుకునే అంకె ఒకటి ఉంటుంది చూశారా, ఛందస్సు కొంతవరకు ఆ పని చేసింది. కొంతవరకే లెండి. "గిరి" తీసి "శర" పెడితే రెండూ రెండేసి లఘువులే కాబట్టి గణం చెడదు, 7 కాస్తా 5 అయిపోతుంది.

పశ్చిమాన అల్ బిరూనీ కూడా క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇదే మొత్తాన్ని లెక్కకట్టాడు. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలు అడిగిన కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే రచయిత రాశాడు.

మరి మల్లన కాలంలో ఇంత పెద్ద లెక్క ఎలా చేసి ఉంటారు? 64 గడులనూ కూడుకుంటూ కూర్చోనక్కర్లేదు. గుణశ్రేఢి మొత్తం మీ పాపకు పై తరగతులకు వెళ్లాక వస్తుంది, కానీ బల్ల మీద గింజలతో ఇప్పుడే చూపించవచ్చు. మొదటి గడిలో 1, రెండు గడుల మొత్తం 3, మూడు గడుల మొత్తం 7, నాలుగింటికి 15. ప్రతిసారీ తర్వాతి గడిలో పడబోయే గింజల కన్నా ఒకటి తక్కువ. 64 గడుల మొత్తం కావాలంటే, లేని 65వ గడిని ఊహించుకుని అందులో పడే 2⁶⁴ నుంచి ఒకటి తీసేయడమే.

2⁶⁴ కోసం ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది మనకు కావలసింది. అయిదు మెట్లు నోటితోనే అయిపోతాయి. కష్టమంతా చివరి మెట్టులోనే. నేనైతే ఇలా విడగొడతాను. 4294967296 అంటే 42949 లక్షలు, 67296.

42949 వర్గం 1844616601. దీని పక్కన పది సున్నాలు.
42949 × 67296 × 2 = 5780591808. దీని పక్కన అయిదు సున్నాలు.
67296 వర్గం 4528751616.

మూడూ ఒకదాని కింద ఒకటి రాసి కూడితే 18446744073709551616. ఒకటి తీస్తే 615తో ముగుస్తుంది. పాపతో ఒక్కసారి ఇది చేయించండి, పావుగంట పడుతుంది. తర్వాత ఎక్సెల్ మీద తగువు ఉండదు.

చేతిలెక్కను సరిచూసుకోకుండా నమ్మకండి, నాదైనా సరే. రెండు పద్ధతులు చెబుతాను. అంకెలన్నీ కూడితే 87, దాన్ని 9తో భాగిస్తే శేషం 6. అటు 2 ఘాతాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరిగొస్తాయి. 64ని 6తో భాగిస్తే శేషం 4, కాబట్టి వరుసలో నాలుగోది, 7. ఒకటి తీస్తే 6. సరిపోయింది.

రెండోది ఇంకా గట్టి పరీక్ష. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఒకదాన్ని కూడి, ఒకదాన్ని తీస్తూ పోండి: 615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016. 7 × 11 × 13 = 1001 కాబట్టి ఈ 1016 ఒక్కటి చేతిలో ఉంటే మూడింటి శేషాలూ తెలిసిపోతాయి. 7తో 1, 11తో 4, 13తో 2. అటు 2⁶⁴ వైపు నుంచి కూడా పై పద్ధతిలోనే శేషాలు తీయండి, ఇవే వస్తాయి. ఈ మూడింటితో మన సంఖ్య భాగించబడదని కూడా ఇక్కడే తేలిపోయింది.

ఇప్పుడు కారణాంకాలు. 3, 5 మీద పాపకు కూడా అనుమానం ఉండదు: అంకెల మొత్తం 87, చివరి అంకె 5. ఆ తర్వాత 17, 19, 23 అంటూ ఒక్కొక్కదానితో భాగించుకుంటూ పోయేవాళ్లు చాలామంది. అలా వెళ్తే ఓపిక చచ్చిపోతుంది. ఇక్కడ కావలసింది ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ సూత్రం, అంతే. 2⁶⁴ అన్నది 2³² వర్గం కదా, కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1)

ఇందులో రెండో ముక్కను మళ్లీ అలాగే చీల్చండి. దాని రెండో ముక్కను మళ్లీ. ఉల్లిపాయ పొరల్లా విడిపోతుంది. 64 అన్నది 2 ఘాతమే కాబట్టి చివరి పొర వరకూ ఆగకుండా విడిపోయింది. చేతికి వచ్చేవి ఇవి: 3, 5, 17, 257, 65537, 4294967297. ఒక్క భాగహారం కూడా చేయకుండా ఆరు ముక్కలు!

ఈ ఆరింటికీ ఒక చుట్టరికం ఉంది, అది చూపిస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు. 3కి 2 కలిపితే 5. 3 × 5కి 2 కలిపితే 17. 3 × 5 × 17కి 2 కలిపితే 257. వాటన్నిటి లబ్ధానికి 2 కలిపితే 65537. మళ్లీ అన్నిటి లబ్ధానికి 2 కలిపితే 4294967297. ఇందువల్లనే వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ఉంటే అది 2ని కూడా భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు.

వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. అది చూసి ఫెర్మా 1640 ప్రాంతంలో, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఊహించాడు. ఆరోది 4294967297. ఇది ప్రధానం కాదని ఆయిలర్ 1732లో తేల్చాడు: 641 × 6700417. ఆ తర్వాత ఈ వరుసలో ఇప్పటిదాకా ఒక్క కొత్త ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు. అంత పెద్ద గణితవేత్త ఊహ, అయిదు సరిపోయాక ఆరోదానికే దొర్లిపోయింది.

ఈ 641 దగ్గర నాకు క్లాసులోనే పరాభవం జరిగింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. బోర్డు మీద దర్జాగా 641తో భాగించి చూపించాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "అయితే సార్, ఆయనకు 641 ఎలా తట్టింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "మేధావి కదా, తట్టింది" అని దాటవేశాను. క్లాసంతా నవ్వింది. మూడు రోజులు లైబ్రరీలో కూర్చుంటే గానీ అసలు సంగతి తెలియలేదు.

ఆయనకు ఊరికే తట్టలేదు. 2³² + 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి అని ఆయిలర్ రుజువు చేశాడు. అంటే 65, 129, 193, 257... ఈ వరుసలోని ప్రధాన సంఖ్యలను మాత్రమే చూస్తే చాలు. అవి 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికింది! వందకు పైగా భాగహారాలు చేయాల్సిన చోట అయిదు. లూకా అనే ఫ్రెంచి గణితవేత్త తర్వాత ఈ నియమాన్ని ఇంకా బిగించాడు, 64 బదులు 128 అన్నాడు. అప్పుడు 257, 641, రెండే.

భాగహారం కూడా చేయకుండా 641 సంగతి తేల్చే చిట్కా ఒకటుంది. 641ని రెండు రకాలుగా రాయండి: 5 × 2⁷ + 1, ఇంకోటి 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸, శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³² శేషం 1, కాబట్టి 2³² శేషం −1, కాబట్టి 2³² + 1 శేషం సున్నా. మూడు లైన్లు. తొమ్మిదో తరగతికి కాస్త బరువే, కానీ మీ పాప ఎక్సెల్ దాకా వెళ్లింది కాబట్టి ప్రయత్నించండి.

మిగిలింది 6700417. ఇది ప్రధానమేనా? దీని వర్గమూలం 2588 చిల్లర. దీన్ని భాగించేది 4294967297ని కూడా భాగించాలి కాబట్టి లూకా నియమమే ఇక్కడా వర్తిస్తుంది. 128 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉంటూ, 2588 దాటని ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. వాటితో భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాలేదు, కాబట్టి ప్రధాన సంఖ్యే. 65537కి ఇంకా తేలిక. అక్కడ ఆయిలర్ నియమంలో 64 బదులు 32 వస్తుంది, కాబట్టి 97, 193 చూస్తే సరిపోతుంది, శేషాలు 62, 110.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. ఇంత సులువుగా విడిపోయింది గదా అని ప్రతి పెద్ద సంఖ్యా ఇలాగే లొంగుతుందనుకోకండి. చదరంగం బల్లకు 64 బదులు 67 గడులుంటే మొత్తం 2⁶⁷ − 1. 67 ప్రధాన సంఖ్య కాబట్టి పొరలు విడదీసే మార్గమే లేదు. 1644లో మెర్సెన్ ఇది ప్రధానమన్నాడు. 1876లో పైన చెప్పిన లూకాయే కాదని తేల్చాడు, కానీ కారణాంకాలు మాత్రం ఆయన పద్ధతిలో బయటపడవు. 1903లో కోల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒక సభలో బోర్డు దగ్గరికి వెళ్లి నోరు విప్పకుండా 193707721 × 761838257287 గుణించి చూపించి వచ్చి కూర్చున్నాడట. ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడని చెబుతారు. మన సంఖ్యకు ఒక పూట, దానికన్నా ఒకే ఒక్క అంకె ఎక్కువున్న సంఖ్యకు మూడేళ్ల ఆదివారాలు.

ఇతర విశేషాలు అడిగారు కదా, తొందరగా చెప్పేస్తాను. దీని భాజకాలు మొత్తం 128: ఏడు ప్రధానాల్లో ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు, కాబట్టి 2⁷. ఇది వర్గసంఖ్య కాదు, చూడగానే చెప్పవచ్చు. 5తో ముగిసే వర్గాలన్నీ 25తోనే ముగుస్తాయి, ఇది 15తో ముగిసింది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే తనలో 70 శాతమే వస్తుంది, కాబట్టి న్యూన సంఖ్య. 0, 1 మాత్రమే వాడే ద్వియాంశ పద్ధతిలో రాస్తే వరుసగా 64 ఒకట్లు. మొదటి సగం బల్ల మొత్తం 4294967295 ఉంది చూడండి, అంటే 3 × 5 × 17 × 257 × 65537. స్కేలు, వృత్తలేఖినితో గీయగలమని ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులన్నీ దాని భాజకాల నుంచే వస్తాయి. 1 పోగా మిగిలిన 31 భాజకాలు, 31 బహుభుజులు. వాటిలో 17 భుజాలదాన్ని గీయవచ్చని గాస్ 1796లో కనిపెట్టాడు, అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 65537 అయితే ఇంకా మన మధ్యే తిరుగుతోంది, ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతిలో సర్వసాధారణంగా వాడే ఘాతం అదే.

సంఖ్య ఎంత పెద్దదో మన మాటల్లో చెప్పాలంటే, ఒక లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, ఆపైన 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615. ఇలా చదివితే ఎవరికీ ఏమీ తెలియదు. బియ్యంలో చూద్దాం. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుందాం. సన్నబియ్యమైతే ఇంకా తక్కువే తూగుతుంది గానీ లెక్కకు వీలుగా ఉంటుంది. కిలోకు 50 వేల గింజలు. మొదటి 20 గడులకు 21 కిలోలు, అంటే ఇంట్లో ఉండే 25 కిలోల బస్తా కూడా నిండదు. రాజుగారు నవ్వుకున్నది ఇక్కడే. సగం బల్ల, 32 గడులు అయ్యేసరికి 86 టన్నులు, పది టన్నుల లారీలు తొమ్మిది. రాజుగారికి ఇదీ ఓ లెక్క కాదు. మిగతా సగం కూడా పూర్తయితే సుమారు 36,890 కోట్ల టన్నులు. మన దేశం మొత్తం ఏడాదికి 14 కోట్ల టన్నులు పండిస్తుందనుకున్నా 2,600 ఏళ్ల పంట.

హనోయ్ గోపురం ఆట తెలుసు కదా, మూడు కడ్డీలు, చిన్న బిళ్ల మీద పెద్ద బిళ్ల పెట్టకూడదు. 1883లో దాన్ని తయారుచేసింది కూడా ఆ లూకాయే. 64 బిళ్లలుంటే కావలసిన కదలికలు సరిగ్గా ఇదే సంఖ్య. సెకనుకు ఒకటి కదిపితే 58,000 కోట్ల ఏళ్లు దాటుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు.

ఈ సంఖ్యను ఇప్పుడు ఎక్కువగా చూసేది గణితం వాళ్లు కాదు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. రుణసంఖ్యలు లేకుండా 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. నా పాత స్టూడెంట్ ఒకడు హైదరాబాద్ నుంచి రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. వాళ్ల బుకింగ్ ప్రోగ్రామ్‌లో "మిగిలిన సీట్లు 18446744073709551615" అని చూపిస్తోందట. "సార్, మీరు క్లాసులో చెప్పిన పద్యం సంఖ్య వచ్చింది!" అన్నాడు, టెన్షన్‌లో కూడా వాడికి అది గుర్తుంది. సీట్లు సున్నా ఉన్నప్పుడు ఇంకో సీటు తీసేశారు. −1 రాయడానికి చోటు లేదు కాబట్టి కంప్యూటర్ వెనక్కి తిరిగి అన్నిటికన్నా పెద్ద సంఖ్య దగ్గర నిలబడింది. పాత స్కూటర్ మీటర్ సున్నాల దగ్గర నుంచి ఒక్క అడుగు వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు వచ్చినట్టు. తీసివేసే ముందు సున్నా ఉందేమో చూడమని చెప్పాను, అరగంటలో సరిచేసుకున్నాడు.

చివరగా పాపకు ఒక పని. 4294967297ని 641తో నోట్‌బుక్‌లో మామూలు భాగహారం చేయమనండి. మొదట 4294లో 6 సార్లు, శేషం 448. తొమ్మిది దించితే 4489, 7 సార్లు, శేషం 2. ఆ తర్వాత 6 దించినా 26, 7 దించినా 267, రెండుసార్లూ భాగఫలంలో సున్నా పెట్టాలి. నేను చూసిన పిల్లల్లో సగానికి సగం మంది ఈ రెండు సున్నాల్లో ఒకదాన్ని మింగేసి 670417 అని తెచ్చేవాళ్లు. సున్నాలు పెట్టి ముందుకు వెళ్తే చివర 4487 మిగులుతుంది. అది సరిగ్గా 641 × 7.